రాజుగారి దానం, మన హక్కు

సెప్టెంబర్ 17 దగ్గరపడితే చాలు, క్లాసులో ఎవరో ఒకరు అడుగుతారు: "సార్, ఇంతకీ నిజాం మంచోడా, చెడ్డోడా?"

పిల్లల ఫోన్లలో రెండు బొమ్మలు తిరుగుతుంటాయి. ఒకటి, ఉస్మానియా ఆసుపత్రి, యూనివర్సిటీ, నిజాంసాగర్ కట్టించిన ధర్మప్రభువు. రెండోది, హిందువులను పీడించిన ముస్లిం రాజు. నేను తిరిగి ఒకటే అడుగుతాను: ఈ రెండు బొమ్మల్లో మీ ముత్తాత ఎక్కడున్నాడు?

1937 ఫిబ్రవరిలో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ టైమ్ పత్రిక ముఖచిత్రమయ్యాడు. ప్రపంచంలోకెల్లా ధనవంతుడని రాశారు. రజతోత్సవాలు ఘనంగా జరిగాయి. అదే రాజ్యంలో మాదిగ ఇంటి మనిషి దొరకు చెప్పులు, మోటబావికి తోలు బొక్కెన ఊరికే కుట్టివ్వాలి. మాల ఇంటి మనిషి ఊరూరా కబుర్లు, మూటలు మోయాలి. కూలి లేదు. 1936లో భగేలా పద్ధతి మీద ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. అది కాగితం మీదే ఉండిపోయింది. ఎందుకంటే ఊళ్లో దాన్ని అమలు చేయాల్సిన పటేలు, పట్వారీ, దేశ్‌ముఖ్‌లే వెట్టి చేయించుకునేవాళ్లు.

వాళ్లలో ఎక్కువమంది హిందువులే. చాకలి ఐలమ్మ భూమి మీద కన్నేసిన విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి రజాకారు మతస్తుడు కాదు. ఈ ఒక్క సంగతి చాలు, రెండో బొమ్మ పగిలిపోవడానికి.

మరి మొదటి బొమ్మ? ప్రభువు మంచివాడైతే జనం నోరెందుకు కట్టేశాడు? 1929లో వచ్చిన గస్తీ నిషాన్ 53 ప్రకారం సభ పెట్టాలంటే ముందుగా సర్కారు అనుమతి కావాలి. ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్, హైదరాబాద్ భారతదేశంలో కలవాలని ఉర్దూలో రాశాడు. 1948 ఆగస్టు 21 రాత్రి రజాకార్లు ఆయన చెయ్యి నరికి చంపారు. రాజరికాన్ని కాదన్న ముస్లిం ఆయన. ఏ బొమ్మలోనూ ఇమడడు కాబట్టే ఇద్దరూ ఆయన్ని పెద్దగా తలుచుకోరు.

సాహిత్యం విద్యార్థిగా నన్ను ఆపేది ఇంకోటి. "నీ బాంచెన్ దొరా, కాల్మొక్త" అని వంగిన జనం, బండి యాదగిరి కట్టిన పాటలో నిజామును ఏకవచనంలో పిలిచారు. "ఏలినవారు" కాస్తా "ఓరి" అయ్యాడు. రాజు ప్రతిష్ఠ కూలింది ముందు భాషలోనే.

ఇక మనవాళ్లకే కష్టమనిపించే సంగతి. బి.ఎస్. వెంకట్రావు లాయక్ అలీ మంత్రివర్గంలో మంత్రిగా ఉన్నారు. శ్యాంసుందర్ హైదరాబాద్ ప్రతినిధి బృందంలో ఐక్యరాజ్యసమితికి వెళ్లారు. దళితుల చదువుకోసం నిజాం సర్కారు కోటి రూపాయల నిధి పెట్టింది. వాళ్లను ద్రోహులనడం నాకిష్టం లేదు. బడి తలుపు మూసింది సవర్ణులైతే, తెరుస్తానన్నవాడి దగ్గరికి పోవడం తప్పెలా అవుతుంది?

కానీ 1947 నవంబరులో బాబాసాహెబ్ హైదరాబాద్ దళితులకు స్పష్టంగా చెప్పారు, నిజాం పక్షాన నిలబడొద్దని. నాకర్థమైనంతలో తేడా ఇక్కడుంది. రాజు ఇచ్చేది దానం. ఇవాళ ఫర్మానాతో ఇస్తాడు, రేపు ఫర్మానాతో తీసుకుంటాడు. పుచ్చుకున్నవాడు కృతజ్ఞుడిగా ఉండాలి. హక్కుకు కృతజ్ఞత అక్కర్లేదు.

అయితే రిపబ్లిక్ కూడా రాజును అంత తేలిగ్గా వదల్లేదు. 1950 జనవరి 26న అదే నిజాం హైదరాబాద్ రాష్ట్రానికి రాజప్రముఖ్ అయ్యాడు, 1956 దాకా ఉన్నాడు. ఏటా 50 లక్షల రాజభరణం ఇచ్చారు. రాజభరణాలు రద్దయింది 1971లో, 26వ సవరణతో. ఇటు పోలీసు చర్య తర్వాత దొరలు గడీలకు తిరిగొచ్చారు. పల్లెల్లో వేలాది ముస్లింలు హత్యకు గురయ్యారని సుందర్‌లాల్ కమిటీ చెప్పింది. దాన్ని విమోచన అనేవాళ్లు ఈ లెక్క కూడా చెప్పాలి.

అందుకే క్లాసులో నా జవాబు ఇది: మంచి రాజా, చెడ్డ రాజా అన్నది ప్రజల ప్రశ్న కాదు. అసలు రాజెందుకన్నదే మన ప్రశ్న. విగ్రహాలు పెట్టి, పాలాభిషేకాలు చేసి, నాయకుణ్ణి "ఇచ్చినవాడు"గా కొలిచే ఈ రోజుల్లో అది పాత ప్రశ్న కూడా కాదు. పథకం వచ్చిన రోజు ఫ్లెక్సీకి దండం పెట్టే ముందు రాజ్యాంగం 23వ అధికరణ చదవండి. వెట్టిని నిషేధించింది అదే. దాని మీద ఏ రాజు బొమ్మా లేదు.

జై భీమ్.