దండు నుండి దివాణమునకు: దత్తమండలములలో థామస్ మన్రో

సైనికుడు పరిపాలనాపీఠము నధిష్ఠించినప్పుడు ఆ పీఠపు స్వభావమే యెట్లు మాఱునో తెలిసికొనుటకు బళ్లారి సీమ చరిత్రమంత స్పష్టమైన నిదర్శనము దక్షిణాపథమున మఱియొకటి లేదని నా యభిప్రాయము. 1800 అక్టోబరు 12 నాటి సంధి ననుసరించి నైజాము, తన రక్షణకై కుంపిణీవారు నిలిపిన సైన్యపు వ్యయమునకు ప్రతిగా, బళ్లారి, అనంతపురము, కడప మొదలగు ప్రాంతములను వారికి దత్తము చేసెను. సేనావ్యయమే జన్మకారణమైన యీ దత్తమండలములందు కలెక్టరు వసూలుచేయు ప్రతి వరహాయు మొదటనే దండు ఖాతాకు చెందినది. కావున అచటి రెవిన్యూ పదవి పేరునకు పౌరపదవియే యైనను తత్త్వమున రక్షణపదవియే. ఆ పదవికి సైనికుడగు థామస్ మన్రో నియుక్తుడగుట కేవలము యాదృచ్ఛికమని తలంపజాలను.

1761లో గ్లాస్గో నగరమున జన్మించి, 1780లో పదాతిదళపు కేడెట్టుగా చెన్నపట్టణమున దిగిన యాతడు, హైదరలీతో జరిగిన యుద్ధమున పాల్గొని, 1792 మొదలు 1799 వఱకు బారామహలులో కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ క్రింద శిస్తు నిర్ణయమున నాఱితేఱి, శ్రీరంగపట్టణ పతనానంతరము కొలదికాలము కెనరాను పాలించి, పిదప ప్రధాన కలెక్టరుగా అనంతపురము చేరెను. ఇంతలో సైన్యపు హోదాను మాత్రము వదలుకొనలేదు.

దత్తమండలములందు నాడు ఎనుబదిమంది పాళెగాండ్రును, వారిచేతిక్రింద దాదాపు 30,000 మంది సాయుధులైన బంట్లును ఉండిరి. మన్రో జనరల్ డూగల్డ్ కాంబెల్ సేనల సాహాయ్యముతో వారి కోటలను వశపఱచుకొని, బంట్లను చెదరగొట్టెను. ఈ కార్యమందలి కాఠిన్యమును లండనులోని డైరెక్టర్లు సైత మాక్షేపించిరి. పాళెగాండ్ర దోపిడి నుండి రైతునకు విముక్తి కలిగెననుట నిజమే. కాని తరతరములుగా ఆ భూమినే యేలిన వంశములను శత్రుదుర్గములవలె చూచుట న్యాయాధిపతి దృష్టి కాదు, దండనాయకుని దృష్టియే.

ఆ దండనాయకుని అలవాట్లే మఱియొకవైపు మహోపకారము చేసినవి. కచ్చేరీలో కూర్చుండి అమలుదారుల మాటలు విని సంతృప్తి చెందువాడు కాక, యెండకు వానకు డేరాలలోనే నివసించుచు, గ్రామ గ్రామమునకు పోయి, రెడ్డి కరణముల సమక్షమున రైతులతో స్వయముగా మాటలాడి యాతడు జమాబందీ నడపెను. 1802లో ఆరంభమైన సర్వేలో 33 అడుగుల గొలుసుతో ప్రతి చేనును కొలిచిరి. అట్టి గొలుసులు నలువది చదరములైనచో ఒక ఎకరము. ఒకరు కొలిచినదానిని వేఱొకరు పరీక్షించు నేర్పాటు నుండెను; శిస్తు నిర్ణయించువారు నేల గుణమును బట్టి తరము లేర్పఱచిరి. యుద్ధభూమిని అడుగడుగు నెఱిగినగాని సేనను నడపరాదను శిక్షణయే ఇచట పొలముల లెక్కగా పరిణమించినదని నేను భావించుచున్నాను.

ఏడేండ్లలో రాబడి సుమారు 10 లక్షల వరహాల నుండి 15 లక్షలకు పెరిగెను. నడుమ కఱవు వచ్చినను పెరిగిన యీ మొత్తమును విజయముగా మాత్రమే గణించుట పొరపాటు. పంటలో దాదాపు నూటికి నలువదియైదు పాళ్లు సర్కారునకు పోవుచుండెనని మన్రోయే గుర్తించి, మూడవవంతుకు మించరాదని తలంచి, 1807లో స్వదేశమునకు వెడలుటకు పూర్వము శిస్తును నాలుగవవంతు తగ్గింపవలెనని వ్రాసెను. తాను కట్టిన శిస్తు భారమైనదని తానే ప్రకటించిన యధికారు లరుదు. ఈ ఒక్క లేఖకై నేనాతని నెంతయు గౌరవింతును. చెన్నపట్టణపు ప్రభుత్వము దానిని పాటింపక, గ్రామములను గుత్తకిచ్చు పద్ధతిని ప్రవేశపెట్టెను.

1814లో న్యాయవిచారణ సంఘపు అధ్యక్షుడుగా మరలివచ్చిన యాతని ప్రేరణముననే 1816 నాటి శాసనములు వెలువడి, మేజిస్ట్రేటు అధికారము జడ్జీల నుండి కలెక్టరుకు సంక్రమించెను. శిస్తు, శాంతిభద్రతలు ఒక్కని చేతనే యుండవలెననుట దండులోని ఏకాజ్ఞానీతియే. 1817, 1818 సంవత్సరములందలి మరాఠాయుద్ధమున ఈ సంబంధము తలక్రిందులై కానవచ్చును: స్వల్పసేనతోను, స్థానిక బంట్లతోను ధారవాడ, బాదామి, బెళగాము, షోలాపురములను గెలిచిన ఆ సేనాని, గెలిచిన చోటులందెల్ల అమలుదారులను నియమించి, శిస్తు వసూలు చేయించుచు ముందునకు సాగెను.

1820లో గవర్నరైన పిదపగాని 1807 నాటి సిఫారసు అమలునకు రాలేదు. ఒక కలెక్టరు కలము కోరిన తగ్గింపు దత్తమండలముల రైతునకు దక్కుటకు, ఆ కలెక్టరే రాజధానిలో పీఠ మెక్కవలసివచ్చెను. ఆ నడిమి సంవత్సరములలో అధికశిస్తు చెల్లించినవాడు మాత్రము రైతే.