రెండు శాస్త్రములు, ఒక్క పట్టము

నేటి కళాశాలలలో 'డబుల్ మేజర్' అను మాట తరచుగా వినవచ్చుచున్నది. ఒక విద్యార్థి మొదటి పట్టమునకు చదువుచు, ఒక శాస్త్రమునకు మారుగా రెండింటిని ప్రధానములుగా గైకొని, రెంటియందును సమర్థుడని యనిపించుకొనుట దీని యర్థము. 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయ నిధుల సంఘము వెలువరించిన ప్రణాళికలో దీనికి నియమ మేర్పడినది. మొత్తము క్రెడిట్లలో నూటికి 40 వంతులైనను రెండవ శాస్త్రమున సంపాదించినవారికే యీ గౌరవము లభించును.

నేను బడి విడిచిన పంతులనైనను, పిల్లలు నన్ను విడువలేదు. "మాస్టారూ, ఒకటి చాలునా, రెండు తీసికొందుమా?" యని యడుగుచుందురు. ఈ ప్రశ్న వారికి క్రొత్తది గాని లోకమునకు క్రొత్తది గాదు. ఇంగ్లండు దేశమున రెండు వందల యేండ్లకు పూర్వమే దీనిని పరీక్షించి చూచినవారు కలరు. వారి చరిత్ర కొంత మనవి చేసెదను.

ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున పరీక్షలు చాలకాలము పేరునకు మాత్రమే జరుగుచుండెను. 1800లో నొక శాసనముచే వానిని సంస్కరించిరి. 1807లో మరియొక శాసనము వచ్చి, గౌరవపరీక్షను రెండుగా విభజించినది. గ్రీకు లాటిను గ్రంథములు, తర్కము, నీతిశాస్త్రము, ప్రాచీనచరిత్ర యొక శాఖ. గణిత భౌతికశాస్త్రములు వేరొక శాఖ. ఒక్కొక్కదానికి వేరువేరుగా తరగతుల పట్టికలు ప్రకటింపబడుచుండెను. ఆ మరుసటి సంవత్సరమే, 1808లో, క్రైస్ట్ చర్చి కళాశాల విద్యార్థి రాబర్టు పీల్ రెండు పట్టికలలోను మొదటి తరగతి నందెను. అంతకుముందు ఎవ్వరును సాధింపని ఘనత యది. అప్పటి కాతని వయస్సు 20 ఏండ్లు. దీనికే 'డబుల్ ఫస్ట్' అని పేరు.

ఆనాటి పరీక్ష ప్రధానముగా నోటితో జరుగునది. చూడవచ్చిన జనుల యెదుట పరీక్షకులు ప్రశ్నించుచుండగా, విద్యార్థి నిలిచి సమాధానము చెప్పవలెను. మన యవధాన సభలలో పృచ్ఛకుల నడుమ కూర్చుండు కవిని తలచుకొన్నచో ఆ దృశ్యము మనకు సుబోధమగును.

పీల్ తరువాత 1810లో జాన్ కీబుల్, 1831లో విలియం గ్లాడ్‌స్టన్ ఇట్టి గౌరవమునే పొందిరి. పీల్ ప్రధానమంత్రియై 1842లో ఆదాయపు పన్నును తిరిగి ప్రవేశపెట్టెను. ఆతని మంత్రివర్గమున పని నేర్చిన గ్లాడ్‌స్టన్ తరువాత ఆర్థికమంత్రియై, పిమ్మట నాలుగు పర్యాయములు ప్రధానమంత్రి యయ్యెను. రాజ్యపు లెక్కలు చూచిన యా చేతితోనే 1858లో హోమరు మహాకవిని గూర్చి మూడు సంపుటముల గ్రంథమును ప్రకటించెను. రెండు పట్టికలే వారి నంతవారిని చేసెనని నేననను. కలిగిన కుటుంబములు, పెద్దల యండ వారికి తోడ్పడినవి. అయినను, కళాశాలలో నారంభించిన రెండు వ్యాసంగములు ఒక జీవితమున చివరివరకు ప్రక్కప్రక్కనే నడువగలవనుటకు గ్లాడ్‌స్టన్ నిదర్శనము.

ఇది యొక ప్రక్క. రెండవ ప్రక్క చూపనిచో చరిత్ర చెప్పినట్లు కాదు.

ట్రినిటీ కళాశాల విద్యార్థి జాన్ హెన్రీ న్యూమన్ 1820లో రెండు శాఖలలోను గౌరవము గోరి పరీక్షకు సిద్ధపడెను. దినమునకు ఇంచుమించు 12 గంటలు చదివెను. తీరా తా ననుకొన్నదానికంటె ఒకదినము ముందే పిలుపు వచ్చెను. అలసిన మనస్సు నిలువలేదు. గణిత పట్టికలో నాతని పేరే లేదు; సాహిత్య పట్టికలో అట్టడుగున మాత్రమే కనబడెను. అప్పటి కాతనికి 20 ఏండ్లు నిండలేదు. లోపము తెలివియందు లేదు; ఒక్క బుద్ధిపై రెండు బరువులను ఒకే మాసమున మోపుటయందే యున్నది.

కేంబ్రిడ్జిలో మరియొక విధమైన కష్టము కలదు. అచ్చట గణితపరీక్షయే రాజమార్గము. 1824లో గ్రీకు లాటిను విద్యలకు గౌరవపరీక్ష పెట్టినప్పుడును, గణితమున గౌరవము పొందినవారినే మొదట దానికి రానిచ్చిరి. రెండవ శాస్త్రము అక్కడ అలంకారము గాదు, ద్వారపాలకుడు. సాహిత్యమున బహుమతులు గెలిచిన మెకాలే 1822లో గణితమున గౌరవము పొందలేకపోయెను. ఒక్క మూసలో ఇమడక నొచ్చిన యీ మెకాలేయే 1835లో కలకత్తానుండి, సంస్కృత అరబ్బీ విద్యలకు సర్కారు ధనము వెచ్చింపరాదనియు, ఇంగ్లీషు విద్యయే తగుననియు వ్రాసి, మన దేశమునకొక మూసను సిద్ధపరచెను. సంస్కృతము చదివి బ్రదికిన నాకిది చోద్యముగా తోచును.

మన తెలుగునాట ఈ యుభయవిద్య లేదా? తిక్కనామాత్యునికి ఉభయకవిమిత్రుడని బిరుదము. 1926లో స్థాపింపబడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పండితులకు 'ఉభయ భాషా ప్రవీణ' యను పరీక్షను నడపినది. నేను చదివినది యదియే. సంస్కృతమున సంధి, సమాసము నేర్చి పిమ్మట చిన్నయసూరి బాలవ్యాకరణము తెరచినప్పుడు, అందలి పరిభాష నాకు సగము తెలిసినదిగానే యుండెను. తెలుగు సూత్రములు చదివి మరల సంస్కృతమునకు పోయినప్పుడు, రెండు భాషలకు గల భేదము స్పష్టమయ్యెను. రెండు చదివితిని గాని, రెండింతలు చదువలేదు. ఇందలి కీలకము ఇదియే.

పదునాఱవ శతాబ్దమున పింగళి సూరన రాఘవపాండవీయము రచించెను. అందు ప్రతిపద్యము రామకథకును భారతకథకును సరిపోవును. రామాయణ భారతములను కలిపి యొక్క అట్టలో కుట్టినంత మాత్రమున అది ద్వ్యర్థికావ్యము కానేరదు. పదము ఒక్కటియై రెండర్థముల నీయవలెను. విద్యార్థి యెన్నుకొను రెండు శాస్త్రములును అట్లే యుండవలెను. ఆర్థికశాస్త్రము చదువువానికి గణితము కన్నగును. చరిత్ర చదువువానికి ప్రాచీనభాష దివ్వెయగును. ఒకదాని కొకటి యేమియు చెప్పుకొనని రెండింటిని, కేవలము పట్టముమీద రెండు పేర్లుండవలెనని మోయువాడు రెండు పుస్తకములను కుట్టినవాడే యగును.

కనుక రెండు కోరువారు మూడు సంగతు లాలోచింపవలెను. ఆ రెండును ఒకదాని నొకటి పోషించునా? రెంటికిని చాలిన కాలమును ఆరోగ్యమును కలవా? ఆ కోరిక తనదా, పొరుగువారిని చూచి పుట్టినదా? మూడింటికిని తృప్తికరమైన సమాధానము దొరికినచో సంశయింప బనిలేదు. దొరకనిచో ఒక్క శాస్త్రమును లోతుగా చదువుట యేమాత్రమును చిన్నతనము కాదు.

న్యూమన్ కథలో చివరి యంశ మొకటి మిగిలినది. పట్టికలో చితికిపోయిన రెండేండ్లకు, 1822లో, ఓరియల్ కళాశాలవారు తమ సొంత పరీక్ష పెట్టి యాతనిని సభ్యునిగా నెన్నుకొనిరి. ఆ కాలమున ఆక్స్‌ఫర్డులో అంతకుమించిన గౌరవము అరుదు. వారు పట్టికను చూడలేదు. మనిషి బుద్ధిని చూచిరి. విద్యార్థులు పట్టికను గెలువవచ్చును, ఓడవచ్చును. బుద్ధిని మాత్రము పాడుచేసికొనరాదు.