కేస్లాపూరు కోవెల

మందమర్రి బొగ్గుగనులకు వాయవ్యమున, అడవికొండల నడుమనున్న జోడేఘాట్‌లో, 1940లో నిజాము పోలీసుల తుపాకులకు గోండు వీరుడు కొమరం భీము నేలకొరగినచోట, 2016లో ప్రభుత్వము స్మారకమును, గిరిజన ప్రదర్శనశాలను నెలకొల్పినది. గోండు, కొలాము, తోటి, పర్ధానుల జీవనమును అందు చూపుట కొనియాడదగిన కార్యమే.

అయినను, ఒక జాతి తన సంస్కృతికి తానే గృహము కట్టుకొన్న తీరు చూడగోరువారు ఇంద్రవెల్లి దాపున కేస్లాపూరునందలి నాగోబా కోవెలకు పోవలెను. పూజలకు సిరికొండ కుమ్మరులు చేసిన కుండలు అచట వాడుక. గోండులలోని మెస్రం వంశీయులు పుష్యమాసపు అమావాస్యకు ముందు కాలినడకన జన్నారము చేరువనున్న హస్తినమడుగునకు పోయి, మందమర్రి జనులెరిగిన ఆ గోదావరి జలమునే గొనివచ్చి, జాతరలో తమ దైవమైన నాగోబాను అభిషేకించి, కొత్తకోడండ్రను దేవునికి చూపి వంశమున చేర్చుకొందురు. ఇన్ని ఆచారములకు తావీయవలసిన కోవెలను ఏ శిల్పి ఒంటరిగా ఊహింపగలడు? కావుననే వారు తమలో తాము చందాలు పోగుచేసికొని, దానిని శిలతో పునర్నిర్మించి, 2022 డిసెంబరులో ప్రతిష్ఠ గావించిరి.

భీము మరణానంతరము నిజాము ప్రభుత్వము పంపగా వచ్చిన మానవశాస్త్రజ్ఞుడు హైమన్‌డార్ఫ్, మార్లవాయిలో గోండుల నడుమ కాపురముండి, వారి మొరలాలకించుటకు ఆ నాగోబా జాతరయందే దర్బారు నేర్పరచెను. అధికారులే ప్రజలయొద్దకు వచ్చి కూర్చుండి వినవలెనను ఆ పద్ధతి నేటికిని కేస్లాపూరున సాగుచున్నది.