మాట వెనుక కథ: కోవర్టు

ఇంగ్లిషు 'కోవర్ట్'కు మూలం 'కప్పిన' అనే అర్థమున్న పాత ఫ్రెంచి మాట. గుట్టుగా సాగే పనికి అక్కడది విశేషణం. తెలుగులో మాత్రం మనిషైపోయింది: 'వాడు కోవర్టు'. మన పత్రికల్లో దీన్ని స్థిరపరిచినవి నక్సలైట్ల వార్తలే. ఇన్‌ఫార్మర్ బయట ఉండి కబురందిస్తాడు. కోవర్టు దళంలోనే ఉంటూ, ఒకే కుండలో అన్నం తింటూ అవతలివాళ్ల పని చేస్తాడు.

1972 నాటి హాలీవుడ్ సినిమా 'గాడ్‌ఫాదర్'లో కార్లియోన్ మాఫియా కుటుంబం మనిషి లూకా బ్రాజీ చేయబోయింది ఇదే. కార్లియోన్‌లతో చెడినట్టు నటిస్తూ ప్రత్యర్థి సొలొజో దగ్గరికి వెళ్తాడు. సొలొజో నమ్మలేదు, లూకా ప్రాణం పోయింది. చివర్లో అదే కుటుంబానికి చెందిన టెస్సియో తన నాయకుణ్నే శత్రువుకు అప్పగించబోయాడు. లూకా తనవాళ్లు పంపిన కోవర్టు, టెస్సియో శత్రువుకు అమ్ముడైన కోవర్టు. మన 'ఇంటిదొంగ' టెస్సియోకే సరిపోతుంది.

మన దగ్గరా ఇలాంటి ఆరోపణ ఒకటి వినిపించింది. హైదరాబాద్ నుంచి శంషాబాద్ దాటి వెళ్తే షాద్‌నగర్. మాజీ నక్సలైటు, గ్యాంగ్‌స్టర్ నయీం 2016 ఆగస్టు 8న అక్కడే పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. 1993లో ఐపీఎస్ అధికారి వ్యాస్ హత్య కేసులో నిందితుడతను. అలాంటివాడే తర్వాత పాత సహచరుల ఆచూకీ పోలీసులకు అందించాడన్న ఆరోపణ ఏళ్ల తరబడి వినిపించింది.

ఇప్పుడు రాజకీయ పార్టీల్లో గిట్టనివాళ్లందరూ కోవర్టులే. ఇది నాకు నచ్చదు. ఈ ముద్ర పడి అడవిలో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఆధారం లేకుండా ఎవరి మీదా ఈ మాట వాడకండి.