గొంతుతో నటించిన ఘంటసాల

దివిసీమయందు ఘంటసాల యను ప్రాచీన బౌద్ధక్షేత్ర మున్నది. అదే యింటిపేరు గల గాయకుని ఆ గ్రామమువారే యనుకొనుట సహజము. కాని వేంకటేశ్వరరావుగారు 1922 డిసెంబరు 4వ తేదీన గుడివాడ ప్రాంతమందలి చౌటపల్లిలో జన్మించిరి.

రేడియో యెదుట కూర్చుండు మనకు వారు కంఠముగానే పరిచితులు. అయితే బాల్యమున వారిని జనులు మొదట చూచినది ఆటలో. తండ్రి సూరయ్యగారు మృదంగము వాయించుచు నారాయణతీర్థుల తరంగములు పాడుచుండగా, ఆ బాలుడు నృత్యము చేసెడివాడు. తరంగమున పాడుట వేరు, ఆడుట వేరు కాదు. యశోద కోపమైనను గోపిక విరహమైనను మొదట మాటలో పలుకవలెను, పిమ్మట ముఖమున కనబడవలెను. కూచిపూడిని కన్న ఈ డెల్టాలో ఇది పసివారికి సైతము తెలిసిన సంగతియే.

తండ్రి మరణానంతరము ఆయన విజయనగరము చేరి, పట్రాయని సీతారామశాస్త్రిగారి శుశ్రూష చేయుచు, మధుకరమెత్తి సంగీతము నేర్చిరి. 1942లో స్వాతంత్ర్యోద్యమమున పాల్గొని చెరసాల కేగిరి. పిదప సముద్రాల రాఘవాచార్యులవారి ప్రోత్సాహముతో మదరాసు చేరి రేడియోలో పాడిరి. చలనచిత్రములలో చిన్న వేషములును వేసిరి. వేషములు నిలువలేదు. 1945లో ‘స్వర్గసీమ’ చిత్రమున భానుమతిగారితో పాడిన పిమ్మట ఆయన స్థానము తెర వెనుకనే స్థిరపడినది.

నటుడు పోయినాడా? పోలేదనియే మా యభిప్రాయము. గుడివాడ చుట్టుప్రక్కల రామాపురమున అక్కినేని, నిమ్మకూరున నందమూరి దాదాపు అదే కాలమున జన్మించిరి. రామారావుగారి తొలి చిత్రమైన ‘మనదేశము’నకు 1949లో సంగీతము కూర్చినది ఘంటసాలగారే. నాగేశ్వరరావుగారికి పాడునపుడు గొంతున మెత్తదనమును, రామారావుగారికి పాడునపుడు గాంభీర్యమును నింపుచు, ఇరువురికిని వారి వారి కంఠమే యనిపించునట్లు పాడిరి. 1953 నాటి ‘దేవదాసు’లో త్రాగినవాని తడబాటు మాటలో వినవచ్చును గాని, శ్రుతి మాత్రము తప్పదు. అది నటన కాక మరేమి?

నిర్మాతగా తీసిన ‘పరోపకారము’, ‘సొంతవూరు’, ‘భక్త రఘునాథ్’ చిత్రములను నేడు తలచువారు తక్కువ. 1960 నాటి ‘శ్రీ వేంకటేశ్వర మాహాత్మ్యము’లో మాత్రము ఆయన స్వయముగా తెరపై కనబడి, స్వామి సన్నిధిని పాడిరి. వేషము, పాట రెండును తమవే. 1970లో పద్మశ్రీ బిరుద మందిరి.

1974 ఫిబ్రవరి 11న మరణించుటకు ముందు వారు రికార్డు చేసిన భగవద్గీతలో తెర లేదు, నాయకుడు లేడు. అర్జునుని విషాదమును, కృష్ణుని ప్రబోధమును, నడుమ తెలుగు తాత్పర్యమును, అన్నియు ఒక్క గొంతే పలికినది.