టిక్కెట్టు సొమ్ము తగవులు

రైలుబండి నెక్కువాని చేత టిక్కెట్టుండవలెనన్న నియమము మన దేశమున 170 ఏండ్లకు పైబడి చెల్లుచున్నది. 1853 ఏప్రిల్ 16న బోరీబందరు నుండి ఠాణాకు ప్రయాణికుల తొలి బండి నడచెను. 1856 జూలై 1న చెన్నపట్టణపు రాయపురము నుండి ఆర్కాటు దిక్కునకు బండి సాగి, దక్షిణదేశమునకు రైలు తెలిసివచ్చెను. నాటి నుండి నేటికి ఇంజనులు మారినవి, పెట్టెలు మారినవి, టిక్కెట్టు రూపమే మారిపోయినది. మారనిది ఒక్కటి కలదు. అది, ప్రయాణికుడు ముందుగా చెల్లించిన సొమ్మునకు ఎవరు లెక్క చెప్పవలెనన్న తగవు. ఇటీవలి కాలమున టిక్కెట్లు అంతర్జాలమున కొనుట అలవాటైన పిదప ఈ తగవు కొత్త రూపములు దాల్చినది. ఆ కథను మొదటినుండి చూచినగాని దాని మర్మము బోధపడదు.

రైళ్ళు కొత్తగా నడచిన కాలమున ఇంగ్లండులో గుమాస్తా ఒక్కొక్క ప్రయాణికునకు కాగితముపై చేతితో వ్రాసి యిచ్చెడివాడు. ఎన్ని చీట్లు వ్రాసినదీ, ఎంత సొమ్ము పుచ్చుకొన్నదీ సరిచూచుట కష్టముగా నుండెను. థామస్ ఎడ్మండ్‌సన్ అను నతడు వృత్తిచేత కొయ్య సామాను చేయువాడు. వ్యాపారము చెడి, న్యూకాజిల్–కార్లైల్ రైలుమార్గముపై చిన్న స్టేషనులో ఉద్యోగమున చేరెను. 1830 దశకమున అతడు దళసరి అట్టముక్కలపై ముందుగనే వరుససంఖ్యలు అచ్చొత్తించి, అమ్మునపుడు తేదీ ముద్రవేయు పద్ధతిని కనిపెట్టెను. సంఖ్య వరుసగా నున్నందున ఎన్ని టిక్కెట్లు చెల్లినవో అన్నిటి సొమ్ము పెట్టెలో నుండితీరవలెను. ఆ అట్టముక్కయే మన దేశమునకును వచ్చి, తరతరముల ప్రయాణికుల జేబులలో తిరిగినది. దానిని మనము ప్రయాణపు గుర్తుగా చూచితిమి గాని, అది పుట్టినది నిజాయితీగల లెక్క కొరకు.

ముందుగా స్థలము కేటాయించుకొను ఏర్పాటు వచ్చిన తరువాత టిక్కెట్టు కిటికీ వెనుక పెద్ద రిజిష్టర్లు చేరెను. ప్రతి బండికి, ప్రతి దినమునకు ఒక పుట; అందులో గుమాస్తా చేతివ్రాత. దూరపు ఊరినుండి తిరుగు ప్రయాణమునకు స్థలము కావలెనన్న అచ్చటికి తంతి పంపి జవాబునకై ఎదురుచూడవలసి యుండెను. గంటల తరబడి వరుసలో నిలుచుట, చివరకు స్థలము లేదనిపించుకొనుట, ఎవరో మధ్యవర్తికి మాత్రము అదే స్థలము దొరకుట – ఆనాటి ఫిర్యాదులివి. అయినను ఒక సౌకర్యముండెను. సొమ్ము పుచ్చుకొన్న చేయి, స్థలము వ్రాసిన చేయి, రద్దుచేసి సొమ్ము తిరిగి యిచ్చిన చేయి అన్నియు ఒక్క కిటికీ వెనుకనే యుండెను. తగవులాడవలసిన మనిషి ఎదుటనే యుండెను.

1985–86 సంవత్సరములలో ఢిల్లీయందు ఆ రిజిష్టర్ల స్థానమున కంప్యూటరు వచ్చెను. 1986లోనే రైల్వేల సమాచార యంత్రాంగమునకు ‘క్రిస్’ అను ప్రత్యేక సంస్థ ఏర్పడెను. అయితే ఢిల్లీ కంప్యూటరునకు ఢిల్లీ లెక్క, మదరాసు కంప్యూటరునకు మదరాసు లెక్క మాత్రమే తెలియును. ఈ కేంద్రములను ఒక త్రాటిపై గూర్చుటకై ‘కాన్సర్ట్’ అను కార్యక్రమమును క్రిస్ సంస్థ తయారుచేయగా, అది తొలుత అమలైనది మన సికింద్రాబాదులోనే, 1994లో. 1999 నాటికి ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై, సికింద్రాబాదు – ఈ ఐదు కేంద్రములును ఒకదానితోనొకటి మాటలాడుకొనుట మొదలిడెను. ఏ ఊరి కిటికీ వద్దనైనను ఏ ఊరి బండికైనను టిక్కెట్టు కొనగలుగుట అప్పటినుండియే.

అదే 1999లో రైళ్ళలో భోజన సదుపాయములు, పర్యాటకము చూచుటకు ఐ.ఆర్.సి.టి.సి. అను సంస్థ స్థాపింపబడెను. ఈ సంస్థ 2002 ఆగస్టు 3న అంతర్జాలమున టిక్కెట్ల విక్రయమును ఆరంభించినది. తొలినాళ్ళలో ఇంటనుండి సొమ్ము చెల్లించినను, కాగితపు టిక్కెట్టు కొరియరులో వచ్చువరకు ఆగవలసియుండెను. 2005లో ఎలక్ట్రానిక్ టిక్కెట్టు వచ్చినది. ఇక ప్రయాణికుని వద్ద నుండునది టిక్కెట్టు కాదు, టిక్కెట్టు వివరముల నకలు మాత్రమే. అసలు టిక్కెట్టు సంస్థవారి యంత్రములో నొక పద్దు. ఎడ్మండ్‌సన్ అట్టముక్క ప్రయాణికుని చేతిలోని సాక్ష్యమైయుండగా, కొత్త సాక్ష్యము ఎదుటిపక్షమువారి ఖాతాపుస్తకమునకు తరలిపోయినది.

దీనితోపాటు మరియొక మార్పు సద్దు లేకయే జరిగినది. ఒక్క కిటికీ వెనుక నున్న మూడు చేతులును విడిపోయినవి. సొమ్ము తీసికొనిపోవునది బ్యాంకు, టిక్కెట్టు అమ్మునది సంస్థ, బండి నడపునది రైల్వే. సంక్రాంతికి సికింద్రాబాదునుండి విశాఖపట్టణము పోదలచిన గృహస్థుని తలచుకొనుడు. రిజర్వేషను తెరచిన క్షణమున వేలకొలది జనులు ఒక్కుమ్మడిగా ఆ స్థలములకై యత్నింతురు. అతని బ్యాంకు ఖాతానుండి సొమ్ము పోవును, ఆ వార్త సంస్థ యంత్రమునకు చేరులోపల గడువు మించును, టిక్కెట్టు పుట్టదు. బ్యాంకు నడిగిన “సొమ్ము పంపితిమి” అనును; సంస్థ నడిగిన “మాకు అందలేదు” అనును. సొమ్ము కొన్ని దినములకు తిరిగివచ్చును గాని స్థలము రాదు. రెండవసారి ప్రయత్నించుటకు సొమ్ము చాలని కుటుంబమునకు ఆ కొన్ని దినములే పండుగ పోగొట్టుకొనుటకు చాలును.

రద్దు విషయమున తగవు ఇంకను సూక్ష్మమైనది. 2015 నవంబరులో అమలునకు వచ్చిన నియమములు కాలమును మెట్లుగా విభజించెను. ఆ నియమముల ప్రకారము రూఢియైన టిక్కెట్టును బండి బయలుదేరుటకు 48 గంటల ముందుగా రద్దుచేసిన తరగతిని బట్టి నిర్ణీతమైన కోత, అనగా స్లీపరునకు 120 రూపాయలు, మూడవ ఏసీకి 180 ఉండెను. 12 గంటల వరకు నాలుగవ వంతు. 4 గంటల వరకు సగము. అటుపిమ్మట ఏమియు రాకుండెను. టిక్కెట్టు అమ్మినందుకు సంస్థ విడిగా పుచ్చుకొను రుసుము, టిక్కెట్టు రద్దైనను తిరిగి రాదు. బండి మూడు గంటలకు మించి ఆలస్యమై, ప్రయాణికుడు ఎక్కనిచో పూర్తి సొమ్ము రావలెను. కాని దానికై బండి బయలుదేరుటకు ముందే టి.డి.ఆర్. అను అర్జీని దాఖలుచేయవలెను. ఆ అర్జీని సంస్థ సంబంధిత రైల్వే మండలమునకు పంపును. వారు పెట్టెలోని టిక్కెట్టు తనిఖీదారుని పట్టికతో సరిచూచి నిర్ణయింతురు. అమ్మినవాడు తీర్పు చెప్పడు, తీర్పు చెప్పువాడు ప్రయాణికునికి కనబడడు.

మధ్యవర్తుల బెడదయు తీరలేదు. ఏజెంటు ద్వారా కొన్న టిక్కెట్టు రద్దైనపుడు సొమ్ము ఏజెంటు ఖాతాకే చేరెడిది. దానిలో ఎంత ప్రయాణికునికి ముట్టినదో అడుగువారు లేకుండిరి. 2019లో ప్రయాణికుని ఫోనునకే తిరుగుసొమ్ము మొత్తమును, ఒక రహస్య సంఖ్యను పంపి, ఆ సంఖ్యను ఏజెంటునకు చెప్పి సొమ్ము పుచ్చుకొను ఏర్పాటు చేసిరి. అనుమతి లేక టిక్కెట్ల వ్యాపారము చేయువారిని శిక్షించు 143వ సెక్షను 1989 నాటి రైల్వే చట్టములోనే కలదు. అయితే అంతర్జాలపు టిక్కెట్టు ఆనాడు లేదు గదా, ఆ చట్టము దీనికెట్లు వర్తించునన్న వాదము బయలుదేరెను. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చి, ఆ సెక్షను ఎలక్ట్రానిక్ టిక్కెట్లకును చెల్లునని తీర్పుచెప్పినది. నేరము మోసములో నున్నది గాని కాగితములో లేదని దాని తాత్పర్యము.

ఇక సొమ్ము రాని ప్రయాణికుడు ఎక్కడ తలుపు తట్టవలెను? 1987 నాటి చట్టము ననుసరించి 1989 నవంబరులో రైల్వే క్లెయిముల ట్రిబ్యునలు పనిచేయ నారంభించినది. దాని శాఖలలో నొకటి సికింద్రాబాదున కలదు. టిక్కెట్టు సొమ్ము వాపసు కొరకైన దావాలు అచ్చటికే పోవలెననియు, ఇతర న్యాయస్థానములకు ఆ అధికారము లేదనియు చట్టము చెప్పును. మరి వినియోగదారుల న్యాయస్థానములో సేవాలోపమని వాదించువాని మాట యేమి? ఈ సరిహద్దు తగవులోనే ఎందరో అర్జీదారుల యేండ్లు గడచిపోయినవి.

రాజస్థానములోని కోటా నగరమున ఒక ఇంజనీరు 2017 ఏప్రిలులో ఢిల్లీకి 765 రూపాయలతో టిక్కెట్టు కొనెను. ప్రయాణము జూలై 2న. వస్తుసేవల పన్ను జూలై 1న అమలునకు రానుండెను. అతడు దానికి ముందే, టిక్కెట్టు వెయిటింగ్ లిస్టులో నుండగనే, రద్దుచేసికొనెను. 65 రూపాయలు కోతపడవలసిన చోట 100 కోతపడెను. సేవాపన్ను పేరిట 35 రూపాయలు అధికముగా పోయెను. అతడు లోక్ అదాలతు కెక్కెను. అది తమ పరిధి కాదని 2019 ఆరంభమున ఆ వ్యవహారము ముగిసెను. సమాచార హక్కు చట్టము క్రింద సుమారు 50 అర్జీలు పెట్టెను. 2019 మే నెలలో 33 రూపాయలు వచ్చెను. మిగిలిన రెండు రూపాయలకై అతడు మరి మూడేండ్లు పోరాడెను. 2022లో ఆ రెండును వచ్చినవి. అంతకన్న పెద్ద విషయమేమనగా, అదేవిధమున నష్టపోయిన 2 లక్షల 98 వేల మందికి, ఒక్కొక్క టిక్కెట్టుపై ప్రయాణికు నొక్కనికి 35 రూపాయల చొప్పున, మొత్తము 2 కోట్ల 43 లక్షల రూపాయలు తిరిగి ఇచ్చుటకు రైల్వే అంగీకరించినది. వారిలో ఎక్కువమందికి తమ సొమ్ము పోయిన సంగతియే తెలిసియుండదు.

ఈ పట్టుదల కంప్యూటరు యుగమునకే ప్రత్యేకము కాదు. 1999 డిసెంబరులో మధుర స్టేషనున ఒక న్యాయవాది మొరాదాబాదునకు రెండు టిక్కెట్లు కొని నూరు రూపాయలిచ్చెను. వెల 70 రూపాయలు. గుమాస్తా తిరిగి యిచ్చినది పది. ఆ ఇరువది రూపాయలకై వ్యాజ్యము 22 ఏండ్లు, నూరు వాయిదాలకు పైగా నడచెను. ఈ వ్యవహారము ట్రిబ్యునలునకు పోవలెనని రైల్వే అడ్డుచెప్పినను, 2022 ఆగస్టులో వినియోగదారుల న్యాయస్థానము ఆ ఇరువది రూపాయలను ఏటికి నూటికి 12 వడ్డీతోను, దానిపై 15,000 రూపాయల పరిహారమును చెల్లింపుమని తీర్పునిచ్చెను. అక్కడ తప్పు ఎదుటనున్న ఒక మనిషి చేతిది. కోటా వ్యవహారమున తప్పు ఒక నియమమునది. అది ఒక్కమారు తప్పిన లక్షలమందికి ఒకే క్షణమున తప్పును. ఈ తేడాయే నేటి తగవుల ముఖ్యలక్షణము.

కొత్త పద్ధతికి మేలిగుణములు లేవనుట అన్యాయము. 2020 మార్చిలో కరోనా కారణమున ప్రయాణికుల బండ్లు నిలిచిపోయినపుడు ఆన్‌లైనులో కొన్నవారికి సొమ్ము వారడుగకయే ఖాతాలలో చేరినది. మీరుగా రద్దుచేయవలదు, చేసిన కోత పడవచ్చునని సంస్థయే హెచ్చరించెను. కిటికీ వద్ద కొన్నవారు మాత్రము టిక్కెట్టును అప్పగించి సొమ్ము పుచ్చుకొనవలసియుండి, అందుకు గడువును తొమ్మిది నెలలదాకా పొడిగింపవలసివచ్చెను. యంత్రమునకు న్యాయమైన ఆజ్ఞ యిచ్చిన, అది న్యాయమును సైతము లక్షలమందికి ఒకేమారు చేయగలదు.

కనుక ఈ చరిత్ర చెప్పునది యంత్రమును నిందింపుమని కాదు. పుచ్చుకొన్న ప్రతి కాసునకును లెక్క చూపవలెనన్న ధర్మముతో రైలు టిక్కెట్టు పుట్టినది. అట్టముక్కపై సంఖ్య ఆ ధర్మమునకు కాపు; అది పోయినపుడు ఆ కాపుదల ప్రయాణికుని జాగ్రత్తపై పడినది. టిక్కెట్టు పది అంకెల సంఖ్యను, సొమ్ము పోయిన వేళను, బ్యాంకు ఇచ్చిన గుర్తును వ్రాసి యుంచుకొనుట, గడువు దాటకముందే అర్జీ పెట్టుట, ఎంత కోత ఏ నియమము క్రింద పడినదో అడుగుట – ఇవి పిసినారితనపు పనులు కావు. రెండు రూపాయలకై మూడేండ్లు నిలిచిన ఒక్కని మొండితనమువలన, తమకు అన్యాయము జరిగినదని ఎరుగని లక్షలమంది ఇండ్లకు వారి సొమ్ము చేరినది.