లోపం లైనులోనా, ఇంట్లోనా?

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శి గారు రెండు నెలలుగా అడుగుతున్నారు. డి.ఎ. బకాయిల గురించి, పెన్షన్ రివిజన్ గురించి నాకంటే బాగా రాయగల పెద్దలు మన సంఘంలో ఉన్నారు. నేను 1973లో పోస్ట్స్ అండ్ టెలిగ్రాఫ్స్ శాఖలో టైమ్ స్కేలు క్లర్కుగా చేరి, 2011లో రిటైరయ్యాను. ఆ సర్వీసులో ఎక్కువ భాగం టెలిఫోన్ ఫాల్ట్ రిజిస్టర్ల ముందే గడిచింది. కాబట్టి నాకు తెలిసిన సంగతే రాస్తాను. ఇంట్లో ఇంటర్నెట్ నెమ్మదిగా నడుస్తూ మాటిమాటికీ తెగిపోతుంటే మనం అదేదో ఈ కాలపు రోగం అనుకుంటాం. కాదు. దీనికి 165 ఏళ్ళు దాటిన చరిత్ర ఉంది. అందులో నా ఇంటి కథ కూడా ఒకటుంది. దాన్ని దాచకుండా చెబుతాను.

ముందు పాత సంగతి. 1858 ఆగస్టు 5న ఐర్లండు నుంచి కెనడా పక్కనున్న న్యూఫౌండ్‌లాండ్ వరకు అట్లాంటిక్ సముద్రం అడుగున తొలి టెలిగ్రాఫ్ కేబుల్ వేయడం పూర్తయింది. ఊరేగింపులు చేశారు, బాణసంచా కాల్చారు. విక్టోరియా రాణి అమెరికా అధ్యక్షుడికి 98 మాటల సందేశం పంపితే అది చేరడానికి దాదాపు 16 గంటలు పట్టింది. అంటే గంటకు ఆరు మాటలు! ఇంతకంటే స్లో కనెక్షన్ మనలో ఎవరూ చూసి ఉండరు. కారణమేమంటే, తీగ పొడవు రెట్టింపైతే సంకేతం ఆలస్యం నాలుగు రెట్లవుతుంది. విలియం థామ్సన్ అనే శాస్త్రవేత్త ఈ మాట ముందే లెక్క కట్టి చెప్పాడు. కంపెనీ ఎలక్ట్రీషియన్ వైట్‌హౌస్ వినలేదు. వృత్తిరీత్యా వైద్యుడైన ఆయన, సంకేతం బలహీనంగా ఉంది కనుక వోల్టేజి పెంచాలన్నాడు. సుమారు 2000 వోల్టుల దాకా పెంచాడు. అసలే లోపాలున్న కేబుల్ ఇన్సులేషన్ దాంతో ఇంకా పాడైంది. నెల తిరగకుండానే లైను మూగబోయింది. కరెంటు పెంచడం కాదు, అవతలి కొసన అతి సూక్ష్మ సంకేతాన్ని కూడా పసిగట్టగల సాధనం పెట్టాలన్నది థామ్సన్ వాదం. సముద్రం మీదుగా నిలకడైన లైను 1866లో గాని పడలేదు.

మన దేశానికి వస్తే, 1850లో కలకత్తా, డైమండ్ హార్బర్ మధ్య తొలి ప్రయోగ లైను వేసింది ఓషానెస్సీ. ఈయన కూడా డాక్టరే, కలకత్తా మెడికల్ కాలేజీలో పనిచేసినవాడు. అయితే వైట్‌హౌస్‌లా కాక ఈయన నేలను, వానను, పక్షులను, కోతులను చూసి పని చేశాడు. సన్న తీగ తెగిపోతుందని లావుపాటి ఇనుప కడ్డీలు వాడాడు. ఎక్కడ ఏది తెగుతుందో ముందే ఊహించినవాడే అసలైన లైన్‌మన్ అని నా ఉద్దేశం.

1882 జనవరి 28న కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు తెరిచారు. ఆ తరువాతి చరిత్ర మన శాఖవారికి కొత్త కాదు కనుక దాటవేస్తున్నాను. గుర్తుంచుకోవలసింది ఒక్కటే. ఎక్స్ఛేంజి నుంచి మీ ఇంటికి వచ్చేది రెండు రాగి తీగల జత. ఎం.డి.ఎఫ్. దగ్గర మొదలై, భూమిలోని కేబుల్ గుండా పిల్లర్‌కు, అక్కడి నుంచి డీపీ బాక్సుకు, అక్కడి నుంచి డ్రాప్ వైరుతో గోడ మీది రోజెట్‌కు వస్తుంది. దారిలో ఎన్ని జాయింట్లుంటే అన్ని అనుమానాలు. జాయింటులో నీరు చేరితే ఇన్సులేషన్ పడిపోతుంది, పక్కవాళ్ళ మాటలు వినిపిస్తాయి, గరగర మొదలవుతుంది. వానాకాలంలో డాకెట్ల కట్ట ఎంత లావయ్యేదో రాసినవాళ్ళకే తెలుసు. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన రోజులు కూడా చూశాను. స్తంభాలు కూలి, తీగలు తెగి, తీరం నుంచి కబురే లేదు. కౌంటరు దగ్గర నిలబడి ‘మావాళ్ళ ఊరికి లైను కలిసిందా?’ అని అడిగిన మనుషుల ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి. లైను అంటే వట్టి తీగ కాదని నాకు అప్పుడే తెలియాలి. తెలిసిందనే అనుకున్నాను.

ఈ రాగి జతలో మన మాట వాడుకునేది చాలా తక్కువ. 300 నుంచి 3400 సైకిల్స్ వరకు, అంతే. దాని పైన ఎంతో ఖాళీ ఉంది. అమెరికాలో బెల్‌కోర్ సంస్థకు చెందిన జోసెఫ్ లెక్‌లైడర్ 1980లలో, ఇంటికి వచ్చే వైపు ఎక్కువ వేగం, ఇంటి నుంచి వెళ్ళే వైపు తక్కువ వేగం పెడితే ఈ పాత తీగ మీదే చాలా పంపవచ్చని చూపించాడు. అదే ఎ.డి.ఎస్.ఎల్. సుమారు 25 వేల సైకిల్స్ నుంచి 11 లక్షల సైకిల్స్ వరకు ఉన్న జాగాను నాలుగేసి వేల సైకిల్స్ చొప్పున సన్నటి గళ్ళుగా విడగొడుతుంది. మన భాషలో చెప్పాలంటే లెడ్జరులో కాలమ్స్ గీసినట్టు. మోడెమ్ ఒక్కొక్క గడినీ పరీక్షించి, శుభ్రంగా ఉన్న గడిలో ఎక్కువ అంకెలు, గరగర ఉన్న గడిలో తక్కువ అంకెలు వేస్తుంది, పూర్తిగా చెడిన గడిని వదిలేస్తుంది. అందుకే లైను బాగా లేనప్పుడు ఇంటర్నెట్ పూర్తిగా పోదు, ముందు నెమ్మదిస్తుంది. ఇంకా చెడితే పట్టు తప్పి మళ్ళీ మొదటి నుంచి గళ్ళు లెక్కపెట్టుకుంటుంది. ఆ కాసేపే మనకు ‘డిస్‌కనెక్ట్’. ఎక్స్ఛేంజికి రెండు మూడు కిలోమీటర్ల లోపు ఇళ్ళకు ఇది హాయి, అయిదు దాటితే కష్టం.

మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వచ్చింది. ఫోన్ డయల్ చేసి, ఆ కీచు చప్పుళ్ళు విని, కలిసే వరకు వేచి ఉండే కాలం అది. 2004లో బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకటించినప్పుడు సెకనుకు 256 కిలోబిట్లుంటే చాలు, అది బ్రాడ్‌బ్యాండే అన్నారు. 2013లో దాన్ని 512 చేశారు, 2023లో 2 మెగాబిట్లు చేశారు.

ఇప్పుడు నా ఇంటి కథ.

2012 జూన్‌లో మా ఆవిడ అక్కగారు, అంటే మా వదినగారు, డల్లాస్‌లో కొడుకు దగ్గర జబ్బుతో ఉన్నారు. డాక్టర్లు వారాల లెక్క చెప్పారు. వీసాకు, ప్రయాణానికి వ్యవధి లేదు. కుర్రాడు ‘పిన్నీ, రోజూ వీడియోలో చూడు’ అని ఏర్పాటు చేశాడు. మనకు ఉదయం ఏడు, వాళ్ళకు ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. అక్కాచెల్లెళ్ళు తెర మీద ఒకరినొకరు చూసుకుని పట్టుమని పది నిమిషాలైనా కాకుండానే బొమ్మ బిగుసుకుపోయేది. మోడెమ్ మీది డి.ఎస్.ఎల్. దీపం మినుకుమినుకుమనేది. మళ్ళీ కలిసేసరికి ఆవిడ అలిసి పడుకునేవారు.

నేను కంప్లెయింట్ బుక్ చేశాను. మర్నాడు ‘లైన్ టెస్ట్ చేశాం, ఓకే’ అన్నారు. మళ్ళీ బుక్ చేశాను. మళ్ళీ ఓకే. మా పాత పరిచయాలన్నీ ఉపయోగించి పై అధికారుల దాకా ఫోన్లు చేశాను. ముప్ఫై ఏళ్ళ సర్వీసు ఉన్నవాణ్ణి, నాకే ఇలానా అని కేకలు కూడా వేశాను. (వైట్‌హౌస్ వోల్టేజి పెంచినట్టే.) మూడో రోజునే మా ఆవిడ, ‘ఏమండీ, ఫోన్ మోగినప్పుడే పోతోందండీ’ అంది. ‘నీకేం తెలుసు, రెంటికీ సంబంధం లేదు. అందుకే స్ప్లిట్టర్ పెట్టారు’ అన్నాను. ఆ మాట ఈనాటికీ నన్ను కుడుతుంది.

పదో రోజున, ఏమీ తోచక, పాత అలవాటు కొద్దీ ఒక రూళ్ళ పుస్తకం తీసి కాలమ్స్ గీశాను. తేదీ, లైను పోయిన సమయం, వచ్చిన సమయం, వాన ఉందా, ఫోన్ మోగిందా. రెండు రోజుల్లో పద్నాలుగు ఎంట్రీలు వచ్చాయి. అందులో పదకొండు చోట్ల చివరి కాలమ్‌లో ‘అవును’. మిగతా మూడూ వాన పడినప్పటివి. పొద్దున్న ఏడు దాటాక ఫోన్లు ఎందుకు మోగేవంటే, వదినగారి ఆరోగ్యం కనుక్కోవడానికి చుట్టాలందరూ అప్పుడే చేసేవారు.

నాతో పనిచేసి రిటైరైన ఒక లైన్‌మన్‌కు కబురు పెట్టాను. ‘వస్తా సార్’ అని పాత టెస్ట్ ఫోను, కటింగ్ ప్లయరు పట్టుకుని వచ్చాడు. ఎక్స్ఛేంజి వైపు చూడనే లేదు. ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ పీకేసి, మోడెమ్‌ను పొట్టి తీగతో మొదటి రోజెట్‌కే నేరుగా తగిలించాడు. దీపం కదల్లేదు. గంటసేపు చూశాం, కదల్లేదు. మోడెమ్ పేజీ తెరిచి చూస్తే, అంతకు ముందు 5 డెసిబెల్స్ ఉన్న నాయిస్ మార్జిన్ ఇప్పుడు 17 ఉంది. 6 కంటే తగ్గితే లైను నిలబడదని అప్పుడు తెలిసింది. ‘సార్, పడగ్గదిలో ఫోనుకు తీగ ఎవరు లాగారు?’ అని అడిగాడు.

నేనే లాగాను. రిటైరైన కొత్తలో, మా ఆవిడ మోకాళ్ళ నొప్పితో రాత్రుళ్ళు హాల్లోకి రాలేకపోతోందని, మిగిలిపోయిన తీగ ముక్క తీసుకుని, స్ప్లిట్టర్‌కు ముందే కలిపి, కిటికీ బయటి నుంచి పడగ్గదికి తీసుకెళ్ళాను. చేత్తో మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు అది. దాని మీద ప్రతి వానా పడింది. రాగి పచ్చబడింది. ఫోన్ మోగించడానికి ఎక్స్ఛేంజి నుంచి సుమారు 75 వోల్టుల కరెంటు వస్తుంది. ఫిల్టరు లేని ఆ ఫోను మోగినా, రిసీవరు ఎత్తినా లైను స్వభావమే మారిపోతుంది, మోడెమ్‌కు గళ్ళు తప్పుతాయి. పక్కకు చీలిన తీగలోకి పోయిన సంకేతం కొస నుంచి తిరిగి వచ్చి అసలు సంకేతంతో కొట్లాడుతుంది, అందుకే వేగం కూడా తగ్గింది. ఎక్స్ఛేంజి నుంచి పరీక్షిస్తే ఫోన్ లైను బాగానే కనిపిస్తుంది. వాళ్ళు ఓకే అన్నది అబద్ధం కాదు. ఎన్నో ఏళ్ళు నేను కూడా డాకెట్ల మీద ఆ మాటే రాశాను, చందాదారు చెప్పేది అవతల పెట్టి.

పన్నెండో రోజు ఉదయం లైను ముప్ఫై అయిదు నిమిషాలు తెగకుండా నిలిచింది. కానీ అప్పటికి వదినగారు మాట్లాడే స్థితిలో లేరు. కళ్ళు తెరిచి చూశారు. మా ఆవిడే మాట్లాడింది, చిన్నప్పటి కాలవ గట్టు సంగతులు, అమ్మ పెట్టిన ఆవకాయ సంగతులు. నాలుగో రోజున కబురొచ్చింది.

ఇప్పుడు మా ఇంటికి రాగి లేదు, 2021 నుంచి ఫైబరే. గాజు తీగలో వెలుగుకు వానతో, ఫోన్ మోతతో పని లేదు. అయితే దానికీ రోగాలున్నాయి. తీగను మేకు దగ్గర మడత పెడితే వెలుగు బయటికి పోతుంది, కొస మీద దుమ్ముంటే తగ్గుతుంది. పెట్టె మీద ‘ఎల్.ఓ.ఎస్.’ దీపం ఎర్రగా ఉంటే వెలుగు రావడం లేదని అర్థం, అప్పుడు కంప్లెయింట్ చేయవలసిందే. దీపాలన్నీ పచ్చగా ఉండి కూడా నెమ్మదిగా ఉంటే ముందు వై-ఫై మీద అనుమానపడండి. ఒక తీగతో కంప్యూటరును నేరుగా పెట్టెకు తగిలించి చూడండి. తీగ మీద బాగుంటే లోపం గాలిలో ఉన్నట్టు. మొన్న లైఫ్ సర్టిఫికెట్ కోసం ముఖం చూపించబోతే ప్రతిసారీ తెగిపోతోందని ఒక మిత్రుడు పిలిచారు. వెళ్ళి చూస్తే పెట్టెను ఇనుప బీరువా వెనక దాచారు, పనిమనిషి కదిలిస్తుందని! బల్ల మీద పెట్టగానే రెండు నిమిషాల్లో పనయింది. ఆవిరి పొయ్యి కాదు గాని, మైక్రోవేవ్ పొయ్యి పక్కన పెట్టినా ఇదే బాధ, రెండూ దాదాపు ఒకే తరంగం వాడతాయి.

ఇళ్ళలోని లోపం ఊరినే ముంచిన కథ కూడా ఉంది. బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో ఆబర్‌హోసన్ అనే పల్లెలో ఏడాదిన్నర పాటు రోజూ ఉదయం ఏడింటికి ఊరందరి బ్రాడ్‌బ్యాండ్ పోయేది. కేబుళ్ళు మార్చారు, లాభం లేదు. చివరికి 2020లో ఇంజనీర్లు పొద్దున్నే యంత్రం పట్టుకుని ఊరంతా తిరిగితే, ఒక ఇంట్లో పాత టీవీ స్విచ్ వేసినప్పుడల్లా వెలువడే విద్యుత్ అలజడే కారణమని తేలింది. ఆ ఇంటివారు సిగ్గుపడి టీవీ మళ్ళీ వేయలేదట. ఆ ఇంటివారి మనసు నాకు తెలుసు.

ఆ రూళ్ళ పుస్తకం ఇప్పటికీ బీరువాలో పి.పి.ఓ. కాగితాల కింద ఉంది. పద్నాలుగు ఎంట్రీల తరువాత ఒక గీత గీసి ఉంటుంది. దాని కింద, జూన్ నెలలోనే, మా ఆవిడ చేతి రాతతో ఒకే ఒక ఎంట్రీ ఉంది. లైను వచ్చిన సమయం 7-02, పోయిన సమయం అన్న గడి ఖాళీ.